బోరు నీళ్ల తెల్ల మచ్చలు, నల్లబడ్డ కుక్కర్: ఇంట్లో ఉన్నవాటితో మీరేం చేస్తున్నారు?

నిజాంపేట_కొత్తిల్లు | శనివారం, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. ఉగాదికి ముందు నిజాంపేటలో అపార్ట్‌మెంట్‌కి అద్దెకి వచ్చాం. అంతకుముందు పన్నెండేళ్లు చిక్కడపల్లిలో నల్లా నీళ్లకి అలవాటుపడ్డవాళ్లం. ఇక్కడ బోరు నీళ్లు, ఎండాకాలం ట్యాంకరు. మూడు నెలలకే బాత్రూంలో కుళాయిలు ముగ్గుపిండి చల్లినట్టు అయిపోయాయి. షవర్‌లో సగం రంధ్రాలు పూడిపోయాయి. మిగిలిన వాటిలోంచి నీళ్లు అడ్డదిడ్డంగా గోడల మీదకి కొడుతున్నాయి. స్టీలు గ్లాసులు ఎంత తోమినా ఆరేసరికి తెల్ల చుక్కలు. కుక్కర్ లోపల నల్లగా అయింది. కందిపప్పు ఆరు కూతలు వచ్చినా పలుకుగానే ఉంటోంది.

వాచ్‌మన్ యాసిడ్ తెచ్చి ఇచ్చాడు. ఒక్కసారి పోశాను, ఆ ఘాటుకి మా బాబుకి రాత్రంతా దగ్గు. ఇక దాని జోలికి పోదలచుకోలేదు. ఇంట్లో ఉండే వస్తువులతో అయ్యే పద్ధతులు ఎవరైనా నిజంగా చేసి చూసినవి చెప్పండి. వీడియోల్లో చూసినవి కాదు, మీ చేత్తో చేసినవి.

బోరు_పదేళ్లు | శనివారం, ఉదయం 8:15

మాది ప్రగతినగర్. పదేళ్లుగా బోరు నీళ్లే. కిరాణా షాపులో నిమ్మ ఉప్పు అడగండి. ప్యాకెట్ మీద సిట్రిక్ యాసిడ్ అని ఉంటుంది, చూడటానికి చక్కెరలా ఉంటుంది. చిన్న ప్యాకెట్ చాలా రోజులు వస్తుంది.

లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాలు కలపండి. పాత బనియన్ గుడ్డ అందులో ముంచి కుళాయి చుట్టూ చుట్టేసి అరగంట వదిలేయండి. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పొర ఊడివస్తుంది. షవర్‌కి ఇలా చేయండి: పాల ప్యాకెట్ కవర్ కడిగి, అందులో ఈ నీళ్లు పోసి, షవర్ ముఖం మునిగేలా కిందనుంచి తొడిగి, పైన రబ్బరు బ్యాండ్ బిగించండి. గంట చాలు. తీశాక వేడినీళ్లు వదిలి, ఇంకా మూసుకున్న రంధ్రాలు ఉంటే గుండుపిన్నుతో పొడవండి. మా ఇంట్లో రెండు నెలలకోసారి ఆదివారం ఉదయం ఇదే పని.

కుళాయి అంచున లోపలికి తిరిగే చిన్న జాలీ ఉంటుంది. దాన్ని విప్పి నిమ్మ ఉప్పు నీళ్లలో వేయండి. ధార పలచబడిందని మోటారునీ ట్యాంకునీ అనుమానిస్తాం కానీ, చాలాసార్లు ఆ జాలీలోనే సున్నం అంతా ఉంటుంది.

రసాయనం_మాస్టారు | శనివారం, ఉదయం 9:02

మంచి పద్ధతి చెప్పారు. ఎందుకు పనిచేస్తుందో నేను రెండు మాటలు చెబుతాను. అది తెలిస్తే ఏది ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో ఎవరికి వారే చెప్పుకోగలరు. ముప్పై ఏళ్లు రసాయన శాస్త్రం చెప్పినవాణ్ణి, కాస్త ఓపిక పట్టండి.

బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. నీళ్లు ఆరినా, కాగినా అవి తెల్లటి పొరగా పేరుకుంటాయి. అందులో ముఖ్యమైంది కాల్షియం కార్బొనేట్. అంటే సుద్ద, పాలరాయి, సున్నపురాయి జాతిదే. దాన్ని సబ్బు ఏమీ చేయలేదు. పులుపు కరిగిస్తుంది. నిమ్మ ఉప్పు, వెనిగర్, చింతపండు, నిమ్మరసం అన్నీ ఈ పనికి ఒకే కుటుంబం. జిడ్డుకి మాత్రం పులుపు పనికిరాదు. దానికి సబ్బు కానీ, వంటసోడా, చాకలిసోడా లాంటి క్షారం కానీ కావాలి.

ఇక జాగ్రత్తలు. మెరుపు పూత వేసిన కుళాయిలకి గంటకి మించి పులుపు ఉంచకండి. బంగారు రంగు, నలుపు రంగు పూత ఉన్నవాటికైతే అసలు వద్దు. ఇంకో ముఖ్యమైన సంగతి, మీ ఇంట్లో నేల ఏమిటి? టైల్సా, గ్రానైటా, తాండూరు బండలా? జవాబు చెప్పాకే మొదలుపెట్టండి.

అంబర్‌పేట_పాతిల్లు | శనివారం, ఉదయం 10:20

మాస్టారు అడిగిన ప్రశ్న నన్ను ఎవరైనా రెండేళ్ల క్రితం అడిగి ఉంటే ఎంత బాగుండేది!

మాది అంబర్‌పేటలో మా మామగారు కట్టిన ఇల్లు. నేలంతా షాబాద్ బండలు. నలభై ఏళ్లు తుడిచి తుడిచి, నడిచి నడిచి అద్దంలా నున్నగా తేలాయి. ఎండాకాలం మధ్యాహ్నం వాటిమీద చాప కూడా లేకుండా పడుకునేవాళ్లం. దసరా ముందు ఇల్లు కడుగుతూ, పూజ గది ముందు నూనె మరక ఉందని నేను నిమ్మచెక్క తీసుకుని ఉప్పు అద్ది రుద్దాను. ఇత్తడికి చేసినట్టే కదా అనుకున్నా. రుద్దుతుంటే సన్నగా నురగ వచ్చింది. మురికి పోతోందని సంతోషపడ్డాను. ఆరాక చూస్తే అరచేయంత మేర మెరుపు పోయి, బూడిద చల్లినట్టు తెల్లగా, చేత్తో తడిమితే గరుకుగా ఉంది. సబ్బు పెట్టాను, నూనె రాశాను, పోలేదు. పోయేది కాదని తర్వాత తెలిసింది. అది మరక కాదు, రాయే కరిగిపోయింది.

మా అత్తగారు ఒక్క మాట అనలేదు. ఆ చోట పీట వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. ఇప్పటికీ ఆ పీట తీసి చూస్తే నాకు బాధగానే ఉంటుంది.

రసాయనం_మాస్టారు | శనివారం, ఉదయం 10:48

అమ్మా, మీరొక్కరే కాదు, హైదరాబాద్‌లో పాత ఇళ్లున్న ఎంతోమందికి ఇది జరిగింది. తాండూరు బండ, షాబాద్ బండ రెండూ సున్నపురాళ్లే. కుళాయి మీద పొర ఏ పదార్థమో ఆ బండలూ అదే పదార్థం. పులుపుకి ఇది మురికి, ఇది నేల అని తేడా తెలియదు. పాలరాయి సంగతీ అంతే. పాలరాయి ముక్కలు కలిపి పోసిన పాత మొజాయిక్ గచ్చు కూడా అంతే. మీరు చూసిన నురగ, రాయిలోంచి బయటికి వచ్చిన కార్బన్ డయాక్సైడ్.

మచ్చ చిన్నదైతే ఒక ప్రయత్నం ఉంది. హార్డ్‌వేర్ షాపులో తడి పెట్టి రుద్దే వాటర్ పేపర్ దొరుకుతుంది. 400 నంబరుతో మొదలుపెట్టి, 800, తర్వాత 1200తో నీళ్లు చిలకరిస్తూ గుండ్రంగా రుద్దండి. పూర్తిగా కలిసిపోదు, తెలుపు తగ్గుతుంది. పెద్ద మచ్చకి మిషన్ పాలిష్ తప్పదు.

బండలకి రోజువారీ శుభ్రానికి మామూలు నీళ్లు, అవసరమైతే బకెట్‌కి రెండు చుక్కల గిన్నెల సబ్బు. అంతకు మించి ఏదీ వద్దు.

నిజాంపేట_కొత్తిల్లు | శనివారం, ఉదయం 11:30

అమ్మో, అడగడమే మంచిదైంది! బాత్రూంలో టైల్స్, వంటగట్టు నల్ల గ్రానైట్. కానీ వాషింగ్ మిషన్ పెట్టిన బాల్కనీలో బూడిదరంగు బండలున్నాయి. అవి ఏమిటో ఎలా తెలుసుకోవాలి?

రసాయనం_మాస్టారు | శనివారం, ఉదయం 11:41

వాషింగ్ మిషన్ వెనకాల ఎవరికీ కనబడని మూల ఒక్క చుక్క నిమ్మరసం వేసి కళ్లు దగ్గర పెట్టి చూడండి. సన్నగా బుడగలు లేస్తే సున్నపురాయి. వెంటనే తడిగుడ్డతో తుడిచేయండి. గ్రానైట్‌కి బుడగలు రావు. అయినా గ్రానైట్ గట్టు మీద కూడా పులుపు నిలవ ఉంచకండి, పైన వేసిన పాలిష్ పూత మసకబారుతుంది.

మియాపూర్_రూమ్ | శనివారం, మధ్యాహ్నం 1:05

నేను ఇంకో పద్ధతి చేస్తున్నాను. వంటసోడా, వెనిగర్ కలిపి సింకులో పోస్తాను. బుస్సున పొంగుతుంది. ఆ పొంగుకి మురికంతా కదిలి పోతుందని ఆఫీసులో ఒకరు చెప్పారు. అన్నిటికీ అదే వాడుతున్నా.

రసాయనం_మాస్టారు | శనివారం, మధ్యాహ్నం 1:30

బాబూ, ఆ పొంగు చూడటానికి బలంగా ఉంటుంది, పని మాత్రం పెద్దగా చేయదు. వెనిగర్ ఆమ్లం, సోడా క్షారం. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. మిగిలేది కాస్త ఉప్పులాంటి సోడియం అసిటేట్ కలిసిన నీళ్లు. రెండు మంచి వస్తువుల్ని కలిపి రెంటినీ వృథా చేసినట్టు. విడివిడిగా వాడు. సింకు జిడ్డుకి తడి గుడ్డ మీద సోడా చల్లి రుద్దు, కడిగేయ్. కుళాయి తెలుపుకి వెనిగర్ వేరుగా వాడు.

నల్లా_పైపు_పని | శనివారం, మధ్యాహ్నం 2:10

నేను బోడుప్పల్ వైపు ప్లంబింగ్ పని చేస్తా. సింకు గురించి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. చాలామంది సింకు జామ్ అయితే సలసల కాగే నీళ్లు పోస్తారు. కింద ఉండేది పీవీసీ పైపు. అది 60 డిగ్రీల వేడి దాటితే మెత్తబడుతుంది. పదేపదే పోస్తే జాయింట్లు వదులై కింద కప్‌బోర్డులో కారుతుంది. అన్నం వంచిన వేడి గంజి నేరుగా సింకులో పోయడం కూడా అలాంటిదే. చెయ్యి పెడితే ఓర్చుకోగలిగేంత వేడి చాలు. ఆ నీళ్లలో గిన్నెల సబ్బు కలిపి పోయండి, జిడ్డు కదులుతుంది.

అసలు జామ్ ఎందుకవుతుందంటే బిర్యానీ గిన్నె, పూరీ మూకుడు కడిగిన నూనె వల్ల. వేడిగా ఉన్నప్పుడు నీళ్లలా పోతుంది, పైపులోకి పోయాక చల్లారి డాల్డాలా గడ్డకడుతుంది. దాని మీద టీపొడి, మెతుకులు అంటుకుంటాయి. గిన్నె కడిగే ముందు పాత పేపరుతో ఒకసారి తుడిచి ఆ పేపరు చెత్తబుట్టలో వేస్తే నన్ను పిలవాల్సిన పని సగం తగ్గుతుంది.

అల్వాల్_వంటిల్లు | శనివారం, సాయంత్రం 4:50

కుక్కర్ నల్లబడటం గురించి ఎవరూ చెప్పలేదు. చెల్లీ, మీది అల్యూమినియం కుక్కరే అయి ఉంటుంది. పప్పు, అన్నం గిన్నెలు లోపల పెట్టేటప్పుడు అడుగున పోసే నీళ్లలో రసం పిండేసిన చింతపండు పిప్పి కొంచెం వేయి. నిమ్మకాయ పిండాక మిగిలిన తొక్క అయినా సరే. ఇక నల్లబడదు. ఇప్పటికే ఉన్న నలుపు పోవాలంటే, నల్లబడ్డ గీత దాకా నీళ్లు పోసి, నిమ్మకాయంత చింతపండు వేసి పది నిమిషాలు మూత తీసే మరిగించు. ఇడ్లీ ప్లేట్లు కూడా అందులోనే పడేయి. పక్కన నిలబడి చూస్తుంటే నలుపు పొరలుగా వదలడం కనిపిస్తుంది.

అల్యూమినియానికి సోడా మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు, ఇంకా నల్లబడుతుంది.

పప్పు ఉడకకపోవడం నీ పప్పు తప్పు కాదు. బోరు నీళ్లలో కాల్షియం పప్పు గింజని మెత్తబడనివ్వదు. పప్పుకీ, శనగలకీ, రాజ్మాకీ తాగే ఫిల్టరు నీళ్లు పోసి చూడు. గంట ముందు నానబెట్టు. మూడు కూతలకి వెన్నలా అవుతుంది. కొందరు సోడా చిటికెడు వేస్తారు, ఉడుకుతుంది కానీ దాంతో బి1 విటమిన్ పోతుంది. చింతపండు పులుసు, టమాటా మాత్రం పప్పు ఉడికాకే వేయాలి. ముందే వేస్తే ఏ నీళ్లయినా పలుకు వదలదు.

నల్లకుంట_అమ్మమ్మ | శనివారం, రాత్రి 8:20

మా మనవరాలు టైపు చేస్తోంది, నేను చెబుతున్నాను.

మేము చిన్నప్పుడు గండిపేట నీళ్లు తాగినవాళ్లం. ఆ నీళ్లలో కందిపప్పు కట్టెల పొయ్యి మీదే ఇట్టే ఉడికేది. 1908 మూసీ వరద తర్వాత నిజాం కట్టించిన చెరువు అది, 1920లో పూర్తయిందని మా నాన్న చెప్పేవారు. నీళ్లు మారాయి, అందుకే పద్ధతులూ మార్చుకోవాలి. అల్వాల్ అమ్మాయి చెప్పింది సరిగ్గా ఉంది.

బోనాలు దగ్గరికొస్తున్నాయి కదా, ఇత్తడి బిందెలు తోమడం గురించి చెబుతాను. పులుసుకి రసం తీసేసిన చింతపండు పిప్పి పారేయకండి. వారం రోజులది ఒక డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. దానికి కల్లుప్పు కలిపి బిందెకి పట్టించి ఐదు నిమిషాలు ఉంచి, కొబ్బరి పీచుతో రుద్దండి. కడగడం గొప్ప కాదు, ఆరబెట్టడం గొప్ప. కడిగిన వెంటనే పొడిగుడ్డతో తడి లేకుండా తుడిచి ఎండలో పెట్టాలి. తడి మిగిలితే మర్నాటికే మచ్చలు పడతాయి, మూలల్లో పచ్చగా చిలుము పడుతుంది. బోర్లించి వదిలేయకూడదు.

వండుకునే ఇత్తడి గిన్నెల లోపల తెల్లగా కళాయి ఉంటుంది. అక్కడ పీచుతో గట్టిగా రుద్దవద్దు. కళాయి పోయి లోపల పసుపు రంగు కనబడిందంటే, మళ్లీ వేయించేదాకా అందులో పులుసు, రసం కాయవద్దు. బేగంబజార్‌లో ఇత్తడి సామాను దుకాణాల దగ్గర అడిగితే కళాయి వేసేవాళ్ల జాడ చెబుతారు.

కొంపల్లి_డాబా | శనివారం, రాత్రి 9:05

అమ్మమ్మగారూ, కందిపప్పుకి పురుగు పట్టకుండా మీరేం చేస్తారు? ఊరినుంచి మావాళ్లు పంపిన తాండూరు కందిపప్పు పది కేజీలు ఉంది. 2022లో జీఐ (ఆ ప్రాంతపు ప్రత్యేక సరుకు అనే) గుర్తింపు వచ్చిన పప్పు, పురుగు పాలు చేయడానికి మనసు రావడం లేదు. వానాకాలం వస్తోంది.

నల్లకుంట_అమ్మమ్మ | ఆదివారం, ఉదయం 6:30

ఎండ ఉన్న రోజు చూసి రెండు పూటలు బాగా ఎండబెట్టు. పూర్తిగా చల్లారనివ్వు. వేడి మీద డబ్బాలో పోస్తే లోపల చెమ్మ పడుతుంది. చల్లారాక కేజీకి చెంచా ఆముదం చొప్పున వేసి రెండు చేతులతో, ప్రతి పలుకుకీ మెరుపు వచ్చేదాకా కలుపు. ఆముదం పట్టిన పప్పుకి పురుగు రాదు. వండేముందు గోరువెచ్చని నీళ్లతో రెండుసార్లు కడిగితే జిడ్డు, వాసన పోతాయి.

బియ్యానికి ఆముదం వద్దు. నీడన ఎండిన వేపాకు పలచటి గుడ్డలో మూటకట్టి డబ్బాలో మధ్య మధ్య పెట్టు. పచ్చి ఆకు పెట్టకు, చెమ్మకి బూజు వస్తుంది. డబ్బాలోంచి తీసేటప్పుడు చెయ్యి తడిగా ఉండకూడదు. సగం పురుగు తడి చేతితోనే వస్తుంది.

ఈసీఐఎల్_ఉద్యోగిని | ఆదివారం, ఉదయం 9:40

ఒక హెచ్చరిక చెప్పాలనే ఇవాళ లాగిన్ అయ్యాను. దయచేసి ఎవరూ తేలికగా తీసుకోవద్దు.

పోయిన దీపావళికి ఇల్లు సర్దుతూ బాత్రూంలో పాకుడు పోవాలని బ్లీచింగ్ పౌడర్ చల్లాను. పది నిమిషాలకి తెల్ల మచ్చలు కూడా పోతాయి కదా అని దాని మీదే టాయిలెట్ కడిగే యాసిడ్ పోశాను. రెండూ శుభ్రం చేసేవే, కలిస్తే ఇంకా బాగా పనిచేస్తాయనుకున్నా. క్షణంలో ఆకుపచ్చ ఛాయ ఉన్న పొగ, గొంతులో సూదులు గుచ్చినట్టు మంట. కళ్లు తెరవలేకపోయాను. తలుపు ఎటు ఉందో గోడ తడుముకుంటూ బయటికి వచ్చాను. అదృష్టం, తలుపు గడియ వేసుకోలేదు. హాస్పిటల్‌లో ఆక్సిజన్ పెట్టి సాయంత్రం దాకా ఉంచారు. రెండు వారాలు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది.

రసాయనం_మాస్టారు | ఆదివారం, ఉదయం 10:05

మీరు బయటపడ్డారు, అంతే చాలు. ఆ పొగ క్లోరిన్ వాయువు. బ్లీచింగ్ పౌడర్‌తో కానీ, ద్రవంగా వచ్చే బ్లీచ్‌తో కానీ ఏ ఆమ్లం కలిసినా అది పుడుతుంది. బాత్రూం యాసిడ్ ఒక్కటే కాదు. పైన మనం మెచ్చుకున్న వెనిగర్, నిమ్మ ఉప్పు కూడా బ్లీచింగ్‌తో కలపకూడదు. అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ బ్లీచింగ్‌తో కలిసినా విషవాయువే వస్తుంది. ఒక రోజు ఒకటి వాడితే, నేలని పుష్కలంగా కడిగి, మరో రోజు రెండోది వాడండి. ఇంట్లో పనిచేసే అమ్మాయికి కూడా ఈ సంగతి కూర్చోబెట్టి చెప్పండి. తలుపులు మూసి కడిగేది ఎక్కువగా వాళ్లే.

ఎప్పుడైనా ఇలా జరిగితే పొగలో నిలబడి నీళ్లు పోయాలని చూడకండి. ముందు బయటికి రండి, తలుపులు కిటికీలు బార్లా తెరవండి, దగ్గు తగ్గకపోతే వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

బోరు_పదేళ్లు | ఆదివారం, ఉదయం 10:30

దీన్ని ఈ చర్చలో పైన పిన్ చేయమని నిర్వాహకుల్ని కోరుతున్నా.

కూకట్‌పల్లి_కోడలు | ఆదివారం, మధ్యాహ్నం 12:15

పసుపు మరకలకి ఏదైనా చెప్పండి. కొత్త తెల్ల కాటన్ కుర్తా మీద సాంబారు పడింది. వెంటనే సబ్బు పెట్టాను, మరక ఎర్రగా మారిపోయింది! టెన్షన్ వచ్చి అక్కడే ఆపేశాను.

రసాయనం_మాస్టారు | ఆదివారం, మధ్యాహ్నం 12:40

భయపడకమ్మా. దిష్టి తీసే ఎర్రనీళ్లు ఎలా చేస్తాం? పసుపు నీళ్లలో సున్నం వేస్తాం, ఎర్రబడుతుంది. సబ్బుకీ సున్నంలాగే క్షార గుణం ఉంది, అందుకే నీ కుర్తా మీద అదే రంగు వచ్చింది. బాగా జాడిస్తే మళ్లీ పసుపు అవుతుంది. ఆ తర్వాత మందు ఎండ. పసుపు రంగు ఎండకి నిలవదు. తడిగా ఉండగానే మరక పైకి ఉండేలా ఎర్రటి ఎండలో ఆరేయి. ఒక రోజుకి పోకపోతే మళ్లీ తడిపి ఇంకో రోజు. రంగుల బట్ట అయితే మరక పోయాక ఎక్కువసేపు ఉంచకు, బట్ట రంగు కూడా వెలుస్తుంది.

కొంపల్లి_డాబా | ఆదివారం, మధ్యాహ్నం 12:55

పసుపెక్కిన ప్లాస్టిక్ టిఫిన్ బాక్సులకీ ఇదే. డాబా మీద రెండు రోజులు పెడితే చాలు.

పట్టుచీరల_అటక | ఆదివారం, మధ్యాహ్నం 3:30

బట్టల మాట వచ్చింది కాబట్టి. పట్టు చీర మీద నూనె చుక్క పడితే నీళ్లు తగలనివ్వకండి. వెంటనే దాని మీద టాల్కం పౌడరు గుప్పగా పోసి రాత్రంతా వదిలేయండి. పౌడరు లేకపోతే సుద్దముక్క పొడి. పొద్దున్నే మెత్తని బ్రష్‌తో దులిపితే నూనె పౌడరుతో పాటు వస్తుంది. పెళ్లి విందులో పప్పు నెయ్యి పడ్డ గద్వాల చీరకి మూడుసార్లు పౌడరు మార్చాను, జాడ తెలియకుండా పోయింది.

ఉతకాల్సి వస్తే కుంకుడుకాయ రసం. పది కాయలు కొట్టి గింజలు తీసి రాత్రి నానబెట్టి, పొద్దున్నే పిసికి గుడ్డలో వడకట్టాలి. బోరు నీళ్లలో సబ్బు నురగ రాక తెల్లటి చీమిడిలా బట్టకి పట్టుకుంటుంది చూశారా? కుంకుడుకాయకి ఆ గొడవ లేదు. చీర రంగు వదులుతుందో లేదో ముందు లోపలి కొంగు మూలన చూసుకోండి. జరీ రుద్దకూడదు, పిండకూడదు. నీడన ఆరేయాలి.

వెండి కుందులు కూడా ఈ రసంతోనే కడుగుతాను. బాగా నల్లబడితే ఇంకో దారి ఉంది. ప్లాస్టిక్ టబ్బులో అల్యూమినియం ఫాయిల్ పరిచి, వెండిని ఫాయిల్‌కి ఆనేలా పెట్టి, వేడినీళ్లు పోసి, లీటరుకి చెంచా చొప్పున వంటసోడా, ఉప్పు వేస్తాను. ఐదు నిమిషాల్లో నలుపు దిగిపోతుంది. కుళ్లిన గుడ్డు వాసన కాస్త వస్తుంది, కంగారు పడకండి, వెండికి పట్టిన గంధకం వదిలినప్పటి వాసన అది. రాళ్లు పొదిగిన నగలకీ, డిజైన్ కోసం కావాలని నలుపు పెట్టిన వస్తువులకీ మాత్రం ఈ పద్ధతి వద్దు.

మియాపూర్_రూమ్ | ఆదివారం, సాయంత్రం 6:00

రూములో బొద్దింకలకి ఏదైనా ఉందా? స్ప్రే కొట్టి కొట్టి మాకే తలనొప్పి వస్తోంది.

నల్లా_పైపు_పని | ఆదివారం, సాయంత్రం 6:45

తమ్ముడూ, బోరిక్ పౌడరు, గోధుమపిండి, చక్కెర సమానంగా తీసుకుని పాలతో ముద్దచేసి శనగగింజంత ఉండలు చేయి. సింకు కింద, ఫ్రిజ్ వెనక, గ్యాస్ గట్టు మూలల్లో పెట్టు. ఇది వెంటనే చంపదు, వారం పది రోజులు పడుతుంది. క్యారమ్ బోర్డు మీద చల్లే పౌడరు కొన్నిచోట్ల ఇదే, ప్యాకెట్ మీద చదివి తీసుకో. చిన్నపిల్లలు, కుక్కలు, పిల్లులు ఉన్న ఇంట్లో మాత్రం పెట్టొద్దు. చూడటానికి మిఠాయిలా ఉంటుంది, కడుపులోకి పోతే ప్రమాదం.

బాత్రూం, వంటింటి నీళ్లు పోయే రంధ్రాలకి రాత్రిపూట జాలీ మూత వేయి. అపార్ట్‌మెంట్లలో బొద్దింకలు ఎక్కువగా వచ్చేది ఆ దారినే.

అల్వాల్_వంటిల్లు | ఆదివారం, రాత్రి 8:10

ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్న స్టీలు గ్లాసులు: లోపలి గ్లాసులో చల్లటి నీళ్లు పోసి, బయటి గ్లాసుని వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టండి. బయటిది వ్యాకోచిస్తుంది, లోపలిది ముడుచుకుంటుంది, తేలిగ్గా ఊడివస్తుంది. రాని సీసా మూతకి రబ్బరు బ్యాండ్ చుట్టి తిప్పండి. కత్తి మొద్దుబారితే పింగాణీ కప్పు బోర్లించి, అడుగున పూత లేని గరుకు అంచు మీద ఏటవాలుగా నాలుగైదుసార్లు లాగండి. వానాకాలం ఉబ్బి పట్టేసే చెక్క తలుపు అంచుకి కొవ్వొత్తి రుద్దండి.

అంబర్‌పేట_పాతిల్లు | ఆదివారం, రాత్రి 9:30

వానాకాలం అన్నారు కాబట్టి, కూలర్లు తీసి అటకెక్కించే ముందు అడుగున నీళ్లు పూర్తిగా వంపేయండి. పూలకుండీల కింద పళ్లేలు, డాబా మీద టైర్లు, ఫ్రిజ్ వెనక ట్రే కూడా వారానికోసారి పొడిగా తుడవండి. డెంగీ దోమ మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు. మధ్యలో ఒకసారి నీళ్లు పారబోస్తే ఆ వరస తెగిపోతుంది. ట్రే గోడకి గుడ్లు అంటుకుని ఉంటాయి, అందుకే ఉత్తినే వంపడం కాదు, పీచుతో రుద్దాలి.

నిజాంపేట_కొత్తిల్లు | తర్వాతి ఆదివారం, ఉదయం 11:20

వారం రోజులు మీరు చెప్పినవన్నీ వరసగా చేశాను, చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ముందు బాల్కనీ బండ మీద నిమ్మరసం చుక్క వేశాను. బుడగలు వచ్చాయి! తాండూరు బండలే. అందుకని నిమ్మ ఉప్పు నీళ్ల బకెట్ అటువైపు తీసుకుపోలేదు. షవర్‌కి పాల ప్యాకెట్ తొడిగాను. గంట తర్వాత తీస్తే కవర్ అడుగున తెల్లటి పొడి, ఇసుకలాంటి పలుకులు. నీళ్లు తిప్పగానే అన్ని రంధ్రాల నుంచీ సన్నటి ధారలు నిటారుగా పడ్డాయి. మా బాబు దాని కింద నిలబడి అరగంట బయటికి రాలేదు. వంటింటి కుళాయి జాలీ విప్పితే, ప్రగతినగర్ అన్నగారు చెప్పినట్టే, గోరంత సున్నపు బిళ్ల దొరికింది. మోటారు పాడైందని ఓనరుకి ఫోన్ చేయబోయాను.

కందిపప్పు ఫిల్టరు నీళ్లలో నానబెట్టి పెట్టాను, నాలుగు కూతలకి మెత్తగా ఉడికింది. కుక్కర్ నలుపు ముప్పావు వంతు పోయింది, ఇంకోసారి మరిగిస్తాను.

ఒక్కటే మిగిలింది. స్టీలు గ్లాసుల మీద చుక్కలు నిమ్మ ఉప్పు నీళ్లలో ముంచితే పోతున్నాయి, రెండో రోజుకి మళ్లీ వస్తున్నాయి.

బోరు_పదేళ్లు | తర్వాతి ఆదివారం, ఉదయం 11:50

అవి వస్తూనే ఉంటాయమ్మా, నీళ్లు అవే కదా. మా ఇంట్లో గ్లాసులు కడిగాక ఆరనివ్వం, వెంటనే పొడిగుడ్డతో తుడిచి పెడతాం. నీటిబొట్టు ఆరితేనే చుక్క పడేది. రాత్రి గిన్నెలయ్యాక ఇద్దరు నిలబడితే ఐదు నిమిషాల పని.

అంబర్‌పేట_పాతిల్లు | తర్వాతి ఆదివారం, మధ్యాహ్నం 12:30

మాస్టారూ, వాటర్ పేపర్ తెచ్చాను. 400, 800, 1200 మూడూ రుద్దాను, రెండు సాయంత్రాలు పట్టింది. తెలుపు బాగా తగ్గింది, గరుకు పోయింది. వెలుతురు పక్కనుంచి పడితేనే జాడ తెలుస్తోంది. మా అత్తగారు పీట తీసి గోడవారగా పెట్టి, ఆ బండ మీదే కూర్చుని వత్తులు చేసుకుంటున్నారు.